రోడ్డుకేం కాలేదు, నొప్పంతా ఊరివాళ్లకే: వాషింగ్టన్ సైనిక పరేడ్ మీద సమీక్ష

అరవై టన్నులు దాటిన ట్యాంకు తిన్నగా పోతున్నంతసేపూ రోడ్డుకు పెద్ద ప్రమాదం లేదు. పొడవాటి గొలుసు పట్టాల మీద బరువు పరుచుకుంటుంది గనక అబ్రామ్స్ ట్యాంకు నేల మీద మోపే ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 15 పౌండ్లే. కారు టైరులో మనం కొట్టించే గాలే 30 దాటుతుంది. అసలు గొడవంతా మలుపులో. ట్యాంకుకు పక్కకు తిరిగే చక్రాలుండవు. ఒక పక్క పట్టాను తగ్గించి, రెండో పక్క పట్టాను తోలితేనే బండి తిరుగుతుంది. ఆ తిప్పుడులో పట్టా మొత్తం రోడ్డును అడ్డంగా గీకేస్తుంది. ఎండకు మెత్తబడ్డ తారైతే ముద్దముద్దగా లేచొస్తుంది.

2025 జూన్ 14న వాషింగ్టన్‌లో జరిగిన సైనిక పరేడ్ గురించి ఊళ్లోవాళ్లు రెండు నెలల ముందు నుంచీ వాదించుకున్నది మొదట ఈ తారు గురించే. అమెరికా సైన్యం పుట్టి 250 ఏళ్లయిన రోజది. అధ్యక్షుడు ట్రంప్ 79వ పుట్టినరోజూ అదే. ఎవరి పుట్టినరోజుకు ఈ సంబరం అన్న దాని మీద దేశమంతా తగువులాడింది. ఆ తగువు తీర్చడం ఇక్కడ పని కాదు. ఒక ఊరి నడిమధ్య ఇంత పెద్ద కార్యక్రమం పెట్టినప్పుడు ఆ ఊళ్లో బతికేవాళ్లకు టికెట్టు, రాకపోకలు, కంచెలు, కనపడటం, వినపడటం, రోడ్లు, ఖర్చు ఎలా అందాయో చూద్దాం. ఒక హోటల్ గురించో ట్రావెల్స్ గురించో రాసినట్టే.

రోడ్ల దగ్గరే మొదలెడదాం, ఎక్కువ మార్కులు అక్కడే ఉన్నాయి.

భయం ఉత్తది కాదు. 1991 జూన్ 8న గల్ఫ్ యుద్ధ విజయోత్సవం ఇదే కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద జరిగింది. సుమారు ఎనిమిది లక్షల మంది చూశారని అప్పటి లెక్క. ఆ వేసవి వేడికి ట్యాంకుల పట్టాల అచ్చులు తారులో దిగబడిపోయాయి. హెలికాప్టర్ రెక్కల గాలికి లేచిన కంకర హిర్ష్‌హార్న్ మ్యూజియం తోటలోని శిల్పాలకు తగిలింది. ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడిగా ఉండగా, 2018లో ఇలాంటి పరేడే తలపెట్టారు. అప్పుడు ఊరి రోడ్లు పాడవుతాయని ట్యాంకులు వద్దు, చక్రాల బళ్లు చాలని రక్షణ శాఖే రాతపూర్వకంగా చెప్పింది. ఖర్చు అంచనా 9 కోట్ల డాలర్లు దాటేసరికి ఆ పరేడ్ ఆగిపోయింది. అందుకే 2025 ఏప్రిల్‌లో మళ్లీ కబురు రాగానే మేయర్ మ్యూరియల్ బౌజర్ ట్యాంకులు వీధుల్లోకి రావడం మంచిది కాదన్నారు. తెచ్చేట్టయితే రోడ్లు బాగుచేయడానికి లక్షల లక్షల డాలర్లు కూడా వెంట తెచ్చుకోవాలని అనేశారు.

ఈ వీధికి ఇంకో సంగతి ఉంది. కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ పుట్టుకతో రోడ్డు కాదు, కాలువ. 19వ శతాబ్దంలో వాషింగ్టన్ సిటీ కెనాల్ ఇక్కడే పారేది. తర్వాత దాన్ని కప్పేసి పైన వీధి వేశారు. 17వ వీధి మూలన చిన్న రాతి ఇల్లు కనపడుతుంది, కాలువ తలుపుల కాపలాదారు ఉన్న ఇల్లది. పరేడ్ దారిలోనే ఉంటుంది. అలాంటి చోట అడుగున ఏముందో చూసుకోకుండా బరువు తోలరు. సైన్యపు ఇంజనీర్లు ముందే దారి పరిశీలించారు. పాడైతే బాగుచేయించే ఖర్చు తమదేనని సైన్యం ఒప్పుకుంది. ఆ మరమ్మతుకే 1.6 కోట్ల డాలర్ల దాకా కావచ్చని అంచనాలు వచ్చాయి.

చేసిన ఏర్పాటు సింపుల్‌గానే ఉంది, కానీ లెక్కగా ఉంది. మలుపులున్న చోట అంగుళం మందం ఇనప పలకలు పరిచారు, కొన్ని 20 అడుగుల పొడవున్నవి. గీకుడు తారుకు కాకుండా పలకకు తగులుతుందన్నమాట. గొలుసు పట్టాలకు కొత్త రబ్బరు ప్యాడ్లు బిగించారు. ఇవి అరిగిపోయి ఉంటే కింది ఇనుము నేరుగా రోడ్డుకు తగిలి గాట్లు పెడుతుంది, అందుకే కొత్తవి వేయడం ముఖ్యం. ట్యాంకులను టెక్సాస్ నుంచి రైలు మీద మేరీల్యాండ్‌లోని జెస్సప్ యార్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి భారీ ట్రక్కుల మీద ఊళ్లోకి దింపారు. అంటే ట్యాంకు తన కాళ్ల మీద తాను నడిచింది చాలా కొద్ది దూరమే. కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద 23వ వీధి నుంచి 15వ వీధి దాకా, దాదాపు తిన్నని దారి. నడిపింది నత్తనడక. దానికితోడు ఆ సాయంత్రం మబ్బు పట్టి సన్నగా జల్లు కొట్టింది, ఎండకు తారు కరిగే పరిస్థితే రాలేదు. పరేడయ్యాక చూస్తే జనం భయపడ్డంత నష్టం బయటపడలేదు. 28 అబ్రామ్స్ ట్యాంకులు, సైనికులను మోసే కవచ వాహనాలైన బ్రాడ్లీలు 28, స్ట్రైకర్లు 28 పోయాక కూడా రోడ్డు రోడ్డులాగే ఉంది. ఈ పనికి ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. మిగిలిన అర వానదేవుడిది.

రోడ్డు గురించి అంత కంగారుపడ్డ ఊరు, తీరా రోజు దగ్గరపడ్డాక విసుక్కున్నది కంచెలను చూసి. ఎక్కలేని నల్లటి ఇనప కంచె, 18 మైళ్లకు పైగా. మెటల్ డిటెక్టర్లు 175. అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి పెట్టే స్థాయి భద్రత ఇది. నేషనల్ మాల్ అంటే పర్యాటకులకు స్మారకాల మైదానం, ఊళ్లోవాళ్లకు మాత్రం పొద్దున పరుగెత్తే చోటు, సైకిల్ మీద ఆఫీసుకు పోయే దారి, శనివారం పిల్లలు బంతాట ఆడే గ్రౌండు. మన దగ్గర ట్యాంక్‌బండ్ చుట్టూ కంచె కట్టేసి లోపలికి రావాలంటే సంచీ చూపించమన్నట్టు అనుకోండి. కంచె ఒక్క పూట లేవదు, రోజుల ముందే దిగుతుంది, రోజుల తర్వాత గానీ పోదు. పైగా సరిగ్గా వారం ముందు, జూన్ 7న, ఇదే ఊళ్లో ఎల్‌జీబీటీ వాళ్ల వరల్డ్‌ప్రైడ్ ఊరేగింపు జరిగింది. ఆ వారాంతంలో డూపాంట్ సర్కిల్ పార్కును కంచె కట్టి మూయడం, గొడవై మళ్లీ తెరవడం అప్పటికే అయిపోయింది. అంటే ఒక కంచె మీద చిరాకు తగ్గకముందే రెండో కంచె దిగిందన్నమాట. ఇక్కడ ఐదుకు ఒకటిన్నర మించి ఇవ్వలేం. ఆ స్థాయి భద్రతకు కంచె తప్పదు, నిజమే. కానీ కంచెకు ఇవతల ఉన్నవాడు అవతలికి ఎలా పోవాలో చెప్పే బోర్డులూ మనుషులూ దాంతోపాటే రావాలి. అది సేవలో భాగం.

ఆకాశం సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఊరి బయటివాళ్లకు ఇది తట్టదు. పరేడ్ మీదుగా 50 దాకా హెలికాప్టర్లు ఎగిరాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలూ వచ్చాయి. చూడముచ్చటే. కానీ సరిగ్గా నాలుగున్నర నెలల ముందు, జనవరి 29 రాత్రి, పొటోమాక్ నది మీద సైన్యపు బ్లాక్ హాక్ హెలికాప్టరూ రీగన్ విమానాశ్రయంలో దిగబోతున్న ప్రయాణికుల విమానమూ ఢీకొని 67 మంది పోయారు. ఆ నది ఒడ్డున ఉండేవాళ్లకు హెలికాప్టర్ చప్పుడు అప్పటి నుంచి మామూలు చప్పుడు కాదు. పరేడ్ వేళ రీగన్ నుంచి రాకపోకలు ఆపేశారు, ఆ జాగ్రత్త సరైనదే. దానివల్ల ప్రయాణికులకు ఇబ్బందైన మాటా నిజమే. ఆ సాయంత్రానికి టికెట్టు కొనుక్కున్నవాళ్లలో వర్జీనియాలోని డలెస్ విమానాశ్రయానికి మార్చుకున్నవాళ్లు గట్టెక్కారు. అక్కడి హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు ఉండే మన తెలుగువాళ్లకైతే అది ఇంటి పక్క విమానాశ్రయమే గనక పెద్ద తేడా పడదు.

ఇక పరేడ్‌ను పరేడ్‌గా చూస్తే. టికెట్లు ఉచితం, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. టికెట్టుంటే సీటున్నట్టు కాదు, ముందొచ్చినవాడిదే చోటు. ఢిల్లీ కర్తవ్య పథ్‌లో ఇరవై రూపాయల టికెట్టుకు కూడా నీ ఎన్‌క్లోజర్ ఏదో రాసి ఇస్తారు. అలా అలవాటైనవాళ్లకు ఇక్కడ తికమకే. సమయం విషయంలో ఇంకో దెబ్బ: సాయంత్రం 6:30కి మొదలవుతుందన్నది ఉరుముల భయానికి అరగంట ముందుకు జరిపారు. ఆరున్నరకు గేటు దాటొచ్చులే అనుకున్నవాళ్లకు మొదటి భాగం పోయింది. ఈ ఊరి వేసవిలో సాయంత్రం పూట ఉరుముల వాన కొత్తేం కాదు. జూన్, జూలైల్లో ఇక్కడ ఏ బహిరంగ కార్యక్రమానికి పోయినా ప్రకటించిన వేళకు కనీసం రెండు గంటల ముందు లోపలుండాలి. ఇది ఈ పరేడ్‌కే కాదు, జూలై నాలుగు, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం బాణసంచాకూ వర్తించే లెక్క.

కనపడటం పర్వాలేదు. వీధికి దక్షిణాన వాషింగ్టన్ స్మారకం గుట్ట ఏటవాలుగా లేస్తుంది. అక్కడ నిలబడితే ముందు వరుసలో పొడుగువాడున్నా దిగులు లేదు. వీధి పక్కనే నిలబడితే కంచె కమ్మీల సందుల్లోంచి చూడాలి, పిల్లలకు టైర్లు తప్ప ఏమీ కనపడవు. వినపడటం దగ్గరే బాగా తేలిపోయింది. దళానికీ దళానికీ మధ్య ఖాళీ ఎక్కువ, ఆ ఖాళీల్లో సంగీతం లేదు. పాత ట్యాంకు పోతుంటే ట్రాకు కీచుకీచుమనే శబ్దం తప్ప ఏమీ లేని వీడియో ఒకటి అందరి ఫోన్లలోనూ తిరిగింది. సరిగ్గా గ్రీజు పడని ఎడ్లబండి ఇరుసు చప్పుడు అది. సైనికులు అడుగు కలపకుండా నడిచారని చాలామంది వెక్కిరించారు. కావాలనే అలా నడిచారని కొందరు కథలల్లారు. అంత కథ అక్కర్లేదు. డ్రమ్ము దెబ్బ చెవిన పడకపోతే వందమంది అడుగు ఒక్కటిగా పడదు. అమెరికా సైన్యానికి మన గణతంత్ర దినోత్సవంలాగా ఏటేటా రాజధాని వీధిలో నడిచే అలవాటూ లేదు. నెలల తరబడి రాజ్‌పుత్ రెజిమెంటు చేసే సాధనతో దీన్ని పోల్చడం న్యాయం కాదు.

సైనికుల తప్పేం లేదు. 6,600 మంది దాకా వచ్చారు. బస స్టార్ హోటళ్లలో కాదు, వ్యవసాయ శాఖ భవనంలోనూ ఇంకో ప్రభుత్వ భవనంలోనూ మడత మంచాల మీద. రోజుకు రెండు పూటలు ప్యాకెట్ భోజనం, ఒక పూట వేడిది. విప్లవ యుద్ధం నాటి యూనిఫారాల నుంచి నేటి రోబో కుక్కల దాకా కాలక్రమంలో నడిపిన వరస మంచి ఆలోచన. 34 గుర్రాలు, రెండు కంచరగాడిదలు, ఒక కుక్క కూడా ఉన్నాయి. కుక్కకు వచ్చిన చప్పట్లు చాలామంది నాయకులకు రావు. ఈ వరసను చెడగొట్టింది మధ్యమధ్యలో మైకులో వినిపించిన స్పాన్సర్ల పేర్లు: కాయిన్‌బేస్, పాలంటీర్, లాక్‌హీడ్ మార్టిన్. పెళ్లి పందిట్లో కట్నాల చదివింపుల్లాగా ఉంది. ప్రభుత్వ సైన్యం ఊరేగింపులో క్రిప్టో కంపెనీకి ధన్యవాదాలేమిటో ఎవరికీ అర్థం కాలేదు.

నిజంగా బాగున్నది పగటి పూట మాల్ మీద పెట్టిన సైన్యం ఉత్సవం. హెలికాప్టర్ దగ్గరికి పోయి ముట్టుకోవచ్చు, ఫిరంగి ఎలా పనిచేస్తుందో దాన్ని నడిపేవాడే చెప్తాడు. విశాఖ బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిలోకి పిల్లల్ని దించినప్పుడు వాళ్ల మొహాల్లో వచ్చే వెలుగే ఇక్కడా కనపడేది. పరేడ్‌కు వ్యతిరేకంగా మాట్లాడిన ఊరివాళ్లలో కూడా ఈ భాగాన్ని తిట్టినవాళ్లు తక్కువ. పరేడ్‌కు ఐదుకు రెండున్నర, ఉత్సవానికి నాలుగు.

జనం ఎంతమంది? రెండు లక్షలు వస్తారని అంచనా వేశారు. వైట్‌హౌస్ రెండున్నర లక్షలంది. అక్కడున్న విలేకరులు పలచగా ఉందనే రాశారు. ఖాళీకి వాన ఒక కారణం. ఊళ్లోవాళ్లు చాలామంది గడప దాటకపోవడం రెండోది. 2024 ఎన్నికల్లో ఈ ఊళ్లో ట్రంప్‌కు పడ్డ ఓట్లు నూటికి ఏడు కూడా లేవు. నిరసనలు చేస్తే గట్టి బలగంతో బదులిస్తామని ఆయన నాలుగు రోజుల ముందే అన్నారు. అదే వారం లాస్ ఏంజెలిస్ వీధుల్లో నేషనల్ గార్డు అనే రిజర్వు సైనిక బలగం దిగి ఉంది. అందుకే చూడ్డానికి పోతే మెచ్చుకున్నట్టు, నిరసనకు పోతే దెబ్బలు తిన్నట్టు అన్న ఇరకాటం. దేశమంతా దాదాపు రెండు వేల చోట్ల ‘నో కింగ్స్’ (రాజులొద్దు) నిరసనలు జరిగిన రోజది. నిర్వాహకులు వాషింగ్టన్‌ను కావాలనే వదిలేసి ప్రధాన సభ ఫిలడెల్ఫియాలో పెట్టుకున్నారు. ముందు రోజు పార్లమెంటు భవనమైన కాపిటల్ దగ్గర మాజీ సైనికులు కొందరు నిరసనకు దిగి అరెస్టయ్యారు. ఇక సైన్యంలో పనిచేసినవాళ్ల కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎక్కువ, వాళ్లలో చాలామంది రాజకీయాలు పక్కనపెట్టి యూనిఫారం కోసం వచ్చారు. వాళ్లను తప్పుపట్టినవాళ్లు ఊళ్లో పెద్దగా కనపడలేదు.

డబ్బు దగ్గరకొస్తే ఊరి కోపం అర్థమవుతుంది. ముందు చెప్పిన అంచనా రెండున్నర నుంచి నాలుగున్నర కోట్ల డాలర్లు, తర్వాత 3 కోట్లయిందని సైన్యం చెప్పింది. అది కేంద్రం డబ్బు. కానీ అంతకు మూడు నెలల ముందే, మార్చిలో, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన బడ్జెట్ బిల్లు వల్ల ఈ నగరం తన సొంత పన్నుల డబ్బులోంచే 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టుకోలేని స్థితి వచ్చింది. కాంగ్రెస్‌లో ఓటు వేసే సభ్యుడు లేని ఏడు లక్షల మంది ఊరిది. పోలీసు ఓవర్‌టైము, చెత్త, ట్రాఫిక్కు లాంటివి ముందు నగరం పెట్టుకుని తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకోవాలి. 2019లో లింకన్ స్మారకం దగ్గర ట్యాంకులు నిలబెట్టి జరిపిన జూలై నాలుగు వేడుక తర్వాత, నగరానికి 17 లక్షల డాలర్లయిందనీ భద్రతా నిధి అడుగంటుతోందనీ మేయర్ అధ్యక్షుడికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. చుట్టాలు మన ఇంట్లో పెళ్లి చేసుకుని షామియానా బిల్లు మన చేతిలో పెట్టి పోయినట్టు. రోడ్డు బాగుచేస్తామని ఈసారి ముందే చెప్పడం ఆ అనుభవం తర్వాత కాస్త నయం. పరేడ్ అయిన రెండు నెలలకు, 2025 ఆగస్టు 11న ఇదే ఊళ్లోకి నేషనల్ గార్డును దింపి, నగర పోలీసును కేంద్రం తన చేతికింద పెట్టుకుంది. జూన్‌లో ‘ఒక్క సాయంత్రానికి ఇంత గోలేమిటి’ అన్నవాళ్లు కొందరు ఆగస్టులో మాట మార్చుకున్నారు.

ఇలాంటి పెద్ద కార్యక్రమానికి మళ్లీ పోవాల్సొస్తే పనికొచ్చే నాలుగు ముక్కలు. కారు వద్దే వద్దు, మెమోరియల్ బ్రిడ్జి లాంటివి ముందుగా మూసేస్తారు. మెట్రో రైలు సిల్వర్ లైన్‌లో వచ్చేవాళ్లు వీధికి పడమటి కొసన చూడాలంటే ఫాగీ బాటమ్‌లో దిగి 23వ వీధి వెంబడి దక్షిణానికి పదిహేను నిమిషాలు నడవాలి. గేట్లు ఎటు తెరుస్తారో ముందు రోజు చూసుకోకపోతే కంచె పొడవునా ఇంకో మైలు తిరగాల్సొస్తుంది. స్టీలు క్యారియరూ థర్మాస్ ఫ్లాస్కూ తేకండి, ఈ స్థాయి భద్రతలో లోహపు, గాజు డబ్బాలను గేటు దగ్గరే ఆపేస్తారు. పులిహోర ప్లాస్టిక్ కవర్లో కట్టుకుంటే చాలు. గొడుగు గురించి ఆ రోజు జాబితా చూసి తేల్చుకోండి, రెయిన్‌కోటైతే ఎప్పుడూ గొడవ లేదు. తిరుగు ప్రయాణంలో అందరూ స్మిత్సోనియన్ స్టేషన్ మీద పడతారు. బాణసంచా అయ్యాక అక్కడ మెట్ల దగ్గరే అరగంట పోతుంది. పది పదిహేను నిమిషాలు నడిచి లాన్‌ఫాంట్ ప్లాజాకు పోండి. ఆష్‌బర్న్ వైపు పోయే రైలు స్మిత్సోనియన్‌కు రాకముందు ఆగేది అక్కడే, సీటు దొరికే అవకాశం ఉన్న చివరి స్టేషన్ అది.